పది కిలోమీటర్ల రాయి ఒక్కచోట పడితే భూమి అంతటా జీవులు ఎలా నశించాయి?

మీ ప్రశ్నలో రెండు సందేహాలు ఉన్నాయి. డైనోసార్ల కాలాన్ని ముగించిందంటున్న పది కిలోమీటర్ల రాయి భూమికి తగలడమంటే గుమ్మడికాయకు ఇసుకరేణువు తగలడం లాంటిదే కదా, అది ఒక మూల పడితే మరో మూల ఉన్న జీవులు ఎందుకు చావాలి అన్నది మొదటిది. నిజంగా అంత రాయి పడి ఉంటే అది ఇప్పుడు ఎక్కడుంది, ఎవరూ చూపించలేనప్పుడు ఇదంతా ఊహే కదా అన్నది రెండోది. తాకిడికి గురైన శిలలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించడమే ఇరవై ఏళ్లకు పైగా నా వృత్తి కాబట్టి, రెండో సందేహానికి కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటాను.

ముందుగా సూటి సమాధానం. ఆ దెబ్బ భూగోళాన్ని పెద్దగా కదిలించలేదు. ఆ దెబ్బకు పైకి లేచిన పదార్థం ఆకాశాన్ని మార్చివేసింది, మారిన ఆకాశమే జీవులను చంపింది. మీ గుమ్మడికాయ పోలిక కొలతల ప్రకారం సరిగ్గానే ఉంది: ముప్పై సెంటీమీటర్ల కాయకు సుమారు పావు మిల్లీమీటరు రేణువు. అయితే జీవమంతా ఉన్నది కాయ తొక్కను అంటిపెట్టుకున్న పలుచని తేమలో. వాతావరణం బరువులో సగం నేల నుంచి ఐదున్నర కిలోమీటర్ల ఎత్తులోపే ఉంటుంది. ఆ రాయి ముందు అంచు నేలను తాకిన క్షణంలో దాని వెనుక అంచు ఈనాడు ప్రయాణికుల విమానాలు ఎగిరే ఎత్తులో ఉంది. భూమి పక్కన పెట్టి చూస్తే రేణువే కానీ, గాలి పొర పక్కన పెట్టి చూస్తే అది మహాపర్వతం.

ఇక శక్తి లెక్క. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇక్కడ పరిమాణం ఎంత ముఖ్యమో వేగం అంతకంటే ముఖ్యం. అంతరిక్షం నుంచి వచ్చి భూమిని ఢీకొనే వస్తువు వేగం సెకనుకు 11 కిలోమీటర్లకు తగ్గదు, ఎందుకంటే భూమి ఆకర్షణే దానికి అంత వేగాన్ని ఇస్తుంది. సూర్యుని చుట్టూ తిరిగే వస్తువుకు పైహద్దు సుమారు 72 కిలోమీటర్లు. గ్రహశకలాలకు 20 కిలోమీటర్ల వేగం మామూలు. ఆ వేగంతో వచ్చే ఒక కిలో రాయిలో, ఒక కిలో టీఎన్‌టీ పేలితే వెలువడే శక్తికి దాదాపు 48 రెట్లు ఉంటుంది. పది కిలోమీటర్ల వ్యాసం, ఘనపు సెంటీమీటరుకు 3 గ్రాముల సాంద్రత, సెకనుకు 20 కిలోమీటర్ల వేగం అనుకొని మీరే కాగితం మీద లెక్క వేస్తే సుమారు ఏడున్నర కోట్ల మెగాటన్నుల టీఎన్‌టీ శక్తి వస్తుంది (మెగాటన్ను అంటే పది లక్షల టన్నులు). అంటే రాయి పడింది అనుకోకుండా, పది కిలోమీటర్ల బాంబు పేలింది అనుకుంటే తర్వాతి సంగతులన్నీ తేలికగా అర్థమవుతాయి.

మెక్సికోలోని యూకటాన్ ద్వీపకల్పం అంచున, ఇప్పటి చిక్షులూబ్ దగ్గర, 6.6 కోట్ల సంవత్సరాల క్రితం జరిగింది అదే. ఆ వేగంతో రాయి తన పొడవంత దూరం దిగడానికి అర సెకను చాలు. ఆ అర సెకనులో పుట్టిన షాక్ తరంగం రాయిలోకీ నేలలోకీ ఒకేసారి పరుగెత్తి, దగ్గరలోని శిలను ఆవిరి చేసి, కొంచెం దూరపు శిలను కరిగించి, ఇంకొంచెం దూరపు శిలను గుండచేసింది. సుమారు 30 కిలోమీటర్ల లోతున తాత్కాలికంగా తెరుచుకున్న గొయ్యి కొన్ని నిమిషాల్లోనే కూలి, అడుగు శిలలు పైకి ఉబికి, మళ్లీ పడిపోయి, చివరికి సుమారు 180 నుంచి 200 కిలోమీటర్ల వెడల్పు గల బిలం మిగిలింది. ఈ ఉబికి పడడం ఒకప్పుడు కంప్యూటర్ నమూనాల్లో మాత్రమే కనిపించేది. 2016లో సముద్రం మీద నుంచి ఆ బిలం లోపలి వలయంలోకి డ్రిల్లింగ్ చేసి, సముద్రగర్భం కింద సుమారు 1,335 మీటర్ల వరకు శిలా నమూనాలను పైకి తీశారు. అక్కడ దొరికింది గులాబీ రంగు గ్రానైట్. ఆ గ్రానైట్ ఉండవలసిన చోటు ఎనిమిది, పది కిలోమీటర్ల లోతున. అది సున్నపురాయి పొరలను దాటి పైకి వచ్చి కూర్చోవడమే కాక, లోపల సన్నని పగుళ్లతో గుల్లబారి, మామూలు గ్రానైట్ కంటే తేలికగా, ఘనపు సెంటీమీటరుకు 2.1 నుంచి 2.55 గ్రాముల సాంద్రతతో ఉంది. గ్రానైట్ అంత తేలికగా ఉండడం శిలలతో పనిచేసేవాళ్లకు ఎంత వింతో మాటల్లో చెప్పడం కష్టం.

ఇప్పుడు చంపిన కారణాల సంగతి. చుట్టుపక్కల వెయ్యి, రెండు వేల కిలోమీటర్ల లోపు జరిగిన విధ్వంసం, అంటే పేలుడు గాలి, భూకంపం, సునామీ, ఎంత భయంకరమైనవైనా అవి ఆ ప్రాంతపు సంగతులే. ప్రపంచమంతటికీ చేరినవి వేరు. బిలం నుంచి ఎగిరిన పదార్థంలో కొంత వాతావరణాన్ని దాటి పైకి వెళ్లి, చిన్న చిన్న గాజు గోళికలుగా చల్లబడి, గంటల వ్యవధిలో భూమి చుట్టూ మళ్లీ గాలిలోకి దిగింది. కోట్లాది గోళికలు ఒకేసారి దిగితే పై గాలి వేడెక్కి ఎరుపెక్కుతుంది. ఆ వేడి నేల మీది అడవులను అంతటా తగలబెట్టేంత తీవ్రమైనదా, లేక కొన్ని ప్రాంతాలకే పరిమితమా అన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు; నా అభిప్రాయంలో రెండోదే ఎక్కువ నమ్మదగినది.

అసలు దెబ్బ చీకటిది, చలిది. మసి, అతి సన్నని శిలాధూళి, గంధకపు ఆవిరి మూడూ కలిసి సూర్యకాంతిని అడ్డుకున్నాయి. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మిల్లీమీటరులో దాదాపు వెయ్యో వంతు నుంచి వెయ్యింట ఎనిమిది వంతుల వరకు మందమున్న ధూళి పదిహేనేళ్ల వరకు గాలిలో నిలిచి, కిరణజన్య సంయోగక్రియను దాదాపు రెండేళ్లపాటు ఆపివేసి ఉండవచ్చు. గంధకం స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే మేఘాలకు పైనున్న గాలి పొరలో, సల్ఫేట్ బిందువులుగా మారి ఎండను వెనక్కి తిప్పి పంపుతుంది. దీనికి మనం కళ్లారా చూసిన చిన్న ఉదాహరణ ఉంది: 1991లో పినాటుబో అగ్నిపర్వతం సుమారు రెండు కోట్ల టన్నులలోపు సల్ఫర్ డయాక్సైడ్‌ను పైకి పంపితే భూమి సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ తగ్గింది. చిక్షులూబ్ విడుదల చేసిన గంధకం ఎంతన్నదానిపై అంచనాలు కొన్ని వేల కోట్ల టన్నుల నుంచి 32,500 కోట్ల టన్నుల వరకు ఉన్నాయి. వాటిలో తక్కువదాన్ని తీసుకున్నా పినాటుబోకు వేల రెట్లు. 10,000 కోట్ల టన్నుల గంధకంతో వేసిన ఒక వాతావరణ నమూనాలో భూమి సగటు ఉష్ణోగ్రత కనీసం 26 డిగ్రీలు పడిపోయి, సంవత్సరాల తరబడి గడ్డకట్టే స్థాయి కిందే ఉండిపోయింది. సముద్రపు ఉపరితలం ఆమ్లీకరణానికి కూడా లోనైంది. సున్నపు పెంకులు కట్టుకునే సూక్ష్మజీవుల్లో, ముఖ్యంగా తేలియాడే ఫొరామినిఫెరా జాతుల్లో, నూటికి తొంభై తుడిచిపెట్టుకుపోయాయి. పచ్చని ఆకు మీద, దాన్ని తినే జంతువు మీద ఆధారపడినవి పోయాయి. కుళ్లిన పదార్థం మీద, విత్తనాల మీద, నదుల అడుగు బురద మీద బతికేవి ఎక్కువగా మిగిలాయి. మొత్తం మీద నాలుగింట మూడు వంతుల జాతులు అంతరించాయి.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఎంత పెద్ద రాయి పడింది అన్నదానికంటే, అది దేని మీద పడింది అన్నది ఎక్కువ ముఖ్యం కావచ్చు. యూకటాన్‌లో పై మూడు కిలోమీటర్ల మందం సున్నపురాయి, జిప్సం, అన్‌హైడ్రైట్ పొరలే. మొదటిదాన్ని వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మిగతా రెండింటిని వేడిచేస్తే గంధకం వస్తుంది. 2016 నాటి శిలా నమూనాల్లో, బిలంలో తాకిడి తర్వాత మొదటి రోజునే పేరుకున్న సుమారు 130 మీటర్ల మందపు శిథిలంలో, చుట్టూ అంత విరివిగా ఉన్న ఈ గంధకపు ఖనిజాలు దాదాపు కనిపించలేదు. అవి ఆవిరై పైకి పోయాయనడానికి, లేకపోవడమే సాక్ష్యం.

పోలికకు మిగతా బిలాలను చూడండి. సైబీరియాలోని పోపిగై బిలం వ్యాసం సుమారు 100 కిలోమీటర్లు, అమెరికా తూర్పు తీరంలో పూడిపోయిన చెసపీక్ బే బిలం వ్యాసం సుమారు 85 కిలోమీటర్లు. రెండూ దాదాపు మూడున్నర కోట్ల సంవత్సరాల క్రితం, భూగర్భ కాలమానంలో పక్కపక్కనే ఏర్పడ్డాయి. ఆ రెండు దెబ్బలు వెంటవెంటనే తగిలినా ఆ సమయంలో మహావినాశనం జరగలేదు. కెనడాలోని మానికువాగన్ కూడా 100 కిలోమీటర్ల స్థాయి బిలమే. అది ఏర్పడింది సుమారు 21.5 కోట్ల సంవత్సరాల క్రితం, ట్రయాసిక్ యుగాంతపు వినాశనం జరిగింది 20.1 కోట్ల సంవత్సరాల క్రితం. మధ్య ఉన్న కోటికి పైగా సంవత్సరాలను ఏ వాదమూ దాటలేదు. కాబట్టి పెద్ద ఉల్క పడితే చాలు జీవజాతులు అంతరిస్తాయన్న సూత్రం నిలవదు. 2017లో ఇద్దరు జపాన్ పరిశోధకులు వేసిన లెక్క ప్రకారం, అదే రాయి భూమి మీద యాదృచ్ఛికంగా ఎక్కడ పడినా అంత వినాశనం కలిగించగల సేంద్రియ పదార్థమున్న నేల అప్పట్లో 13 శాతం మాత్రమే. వాళ్లు గంధకం కంటే మసికి ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారు, దానితో నేను పూర్తిగా ఏకీభవించను. కానీ పడిన చోటు ముఖ్యమన్న వారి మూల వాదన సరైనదని నమ్ముతాను.

ఇక రెండో సందేహం: ఇదంతా ఊహ కాదని ఎలా తెలుసు?

కథ బిలంతో మొదలవలేదు. ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాయి కొండల్లో, డైనోసార్ల యుగాంతపు సరిహద్దులో, వేలి మందమంత బంకమట్టి పొర ఉంది. వాల్టర్ అల్వారెజ్, ఆయన తండ్రి లూయీ అల్వారెజ్, రసాయన శాస్త్రవేత్తలు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ 1980లో ప్రకటించినదేమంటే, ఆ పొరలో ఇరిడియం అనే లోహం చుట్టుపక్కల రాతి కంటే సుమారు 30 రెట్లు ఉంది, డెన్మార్క్‌లోని అదే వయసు పొరలో సుమారు 160 రెట్లు ఉంది. భూమి పుట్టినప్పుడే ఇరిడియం ఇనుముతో కలిసి కేంద్రకంలోకి దిగిపోయింది కాబట్టి పైపొరలో అది అత్యల్పం, గ్రహశకలాల్లో ఎక్కువ. వాళ్లు ఆ మొత్తం ఇరిడియాన్ని వెనక్కి లెక్కించి రాయి వ్యాసం పది కిలోమీటర్లని చెప్పారు. బిలం ఎక్కడుందో తెలియడానికి మరో పదకొండేళ్లు పట్టింది. విచిత్రమేమంటే చమురు అన్వేషణ కోసం గురుత్వ, అయస్కాంత సర్వేలు చేసినవాళ్లు ఆ వలయాన్ని అప్పటికే చూశారు, కానీ ఈ రెండు సంగతులూ ఒకరికొకరికి చేరలేదు.

ఇరిడియం ఒక్కటే అయితే నేనూ సందేహించేవాడినే. నిర్ధారణకు మా వృత్తిలో అందరూ ఒప్పుకునే ఆధారం షాక్‌కు గురైన క్వార్ట్జ్, అంటే ఇసుకలో విరివిగా ఉండే ఖనిజం. దీన్ని కొంచెం దగ్గరగా చూపిస్తాను. రాయిని కోసి, గాజు పలక మీద అంటించి, మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందం వచ్చేదాకా అరగదీస్తే దాన్ని థిన్ సెక్షన్ అంటాం. ధ్రువిత కాంతిలో పెట్టి సూక్ష్మదర్శిని పీఠాన్ని తిప్పుతుంటే మామూలు క్వార్ట్జ్ రేణువు బూడిద, తెలుపు, నలుపుగా మారుతూ శుభ్రంగా కనిపిస్తుంది. షాక్ తిన్న రేణువులో మాత్రం రూళ్లకర్రతో గీసినట్టు తిన్నని గీతలు, మధ్య ఎడం మిల్లీమీటరులో వెయ్యింట రెండు నుంచి పది వంతుల వరకు, ఒకదాన్నొకటి కోసుకుంటూ రెండు మూడు వరుసలుగా ఉంటాయి. ఒక్కొక్క గీత స్ఫటికం తన అమరికను కోల్పోయి గాజుగా మారిన పలుచని పొర; పాత శిలల్లో ఆ గీత వెంట సూది మొనలంత బుడగలు వరుసకట్టి ఉంటాయి. ఇవి ఏర్పడడానికి మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు లక్ష రెట్ల పీడనం, అదీ క్షణకాలంలో తగలాలి. అగ్నిపర్వతం గానీ పర్వతాల ఒరిపిడి గానీ ఆ స్థాయికి చేరవు. ఈ రేణువులు డైనోసార్ల యుగాంతపు బంకమట్టిలో 1984 నుంచి బయటపడుతూ వచ్చాయి. ఉత్తర అమెరికాలో అవి పెద్దవిగా, దూరం పోయేకొద్దీ చిన్నవిగా ఉండడం బిలం ఏ దిక్కున వెతకాలో కూడా చెప్పింది.

నేను వృత్తిలోకి వచ్చిన కొత్తల్లో జరిగిన సంగతి చెబితే ఈ పరీక్ష ఎంత నిక్కచ్చిదో అర్థమవుతుంది. ఒక గుండ్రని గుంట నుంచి వచ్చిన ఇసుకరాయిలో గీతలు చూసి, షాక్ క్వార్ట్జ్ దొరికిందని ఉబ్బితబ్బిబ్బై నివేదిక రాయడం మొదలుపెట్టాను. మా పెద్దాయన ఒకరు సూక్ష్మదర్శినిలోకి ఒక నిమిషం చూసి, ఏ వ్యాఖ్యా చేయకుండా, యూనివర్సల్ స్టేజ్ (రేణువును ఎటైనా వంచి చూపే పీఠం) మీద పెట్టి ఆ గీతల కోణాలు కొలిచి రమ్మన్నారు. అసలైన గీతలు క్వార్ట్జ్ స్ఫటికంలో ఇష్టం వచ్చినట్టు ఉండవు. వాటి తలాలకు గీసిన లంబాలు స్ఫటికపు ప్రధాన అక్షంతో పోల్చి సున్నా, 23, 32 డిగ్రీల లాంటి నిర్దిష్టమైన కోణాల దగ్గర గుమికూడతాయి. మూడు రోజులు కూర్చొని అరవై రేణువులు కొలిస్తే నా కోణాలు ఎక్కడా గుమికూడలేదు. గీతలు కొంచెం వంపు తిరిగి, లావుగా, రేణువుకు ఒక్క వరుసే ఉన్నాయని అప్పుడు కనిపించింది. అవి కొండలు ముడుచుకున్నప్పుడు నెమ్మదిగా ఏర్పడే బోమ్ రేఖలు. నివేదిక చెత్తబుట్టకు వెళ్లింది. ఎవరైనా కోణాల పట్టిక లేకుండా గీతల ఫొటో ఒక్కటే చూపించి కొత్త బిలం దొరికిందంటే నేను ఇప్పటికీ పేజీ తిప్పేస్తాను. భూమి మీద గుండ్రని గుంటలు వేలల్లో ఉన్నా, నిర్ధారణ అయిన బిలాలు రెండు వందల దగ్గరే ఆగాయంటే కారణం ఇదే.

క్వార్ట్జ్ లేని శిలలో ఏం చేస్తారని మీరు అడగవచ్చు. గట్టిపడిన లావా శిల అయిన బసాల్ట్ మీద ఏర్పడిన, మహారాష్ట్రలోని లోనార్ బిలంలో ఆ ఇబ్బందే ఉంది. అక్కడ ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు స్ఫటికం తన బయటి ఆకారం చెడకుండానే లోపల గాజుగా మారిన మాస్కెలినైట్‌ను చూపించి 1973లో రుజువు చేశారు. చంద్రుడి మీది నల్లని మైదానాలు, అంగారకుడి ఉపరితలంలో ఎక్కువ భాగం బసాల్టే కాబట్టి గ్రహ పరిశోధకులకు లోనార్ చాలా విలువైనది. వయసు విషయంలో మాత్రం అదే బిలం మాకు పాఠం చెప్పింది: ఒక పద్ధతిలో సుమారు 50,000 సంవత్సరాలని వచ్చింది, తర్వాత ఆర్గాన్ పద్ధతిలో 5,70,000 సంవత్సరాలని తేలింది.

వయసు తేలేదాకా ఏ బిలాన్నీ ఏ వినాశనానికీ ముడిపెట్టవద్దు. గ్రీన్‌లాండ్ మంచు కింద 31 కిలోమీటర్ల హియావాథా బిలం ఉందని 2018లో ప్రకటించినప్పుడు, అది పన్నెండు వేల సంవత్సరాల నాటిదని, అప్పటి హఠాత్ చలికి అదే కారణమని చాలామంది రాశారు. 2022లో జిర్కాన్ స్ఫటికాలతో కట్టిన వయసు 5.8 కోట్ల సంవత్సరాలు.

మన దక్కన్ పీఠభూమిని కప్పిన డెక్కన్ లావా ప్రవాహాల ప్రస్తావన లేకుండా ఈ సమాధానం నిజాయతీగా ఉండదు. ఆ విస్ఫోటనాలు తాకిడికి ముందే మొదలై తర్వాత కూడా కొనసాగాయి, అవీ గంధకాన్ని, కార్బన్ డయాక్సైడ్‌ను వదిలాయి. అసలు నేరం వాటిదేనని గట్టిగా వాదించిన పరిశోధకులు ఉన్నారు. అయితే లావా లక్షల సంవత్సరాల్లో కొద్దికొద్దిగా వదిలిన వాయువు మధ్యమధ్య సముద్రంలోకి, వానల్లోకి దిగిపోతుంది. తేలియాడే జీవుల అంతర్ధానం మాత్రం సముద్ర నిక్షేపాల్లో ఇరిడియం పొర దగ్గరే, కత్తితో కోసినట్టు కనిపిస్తుంది. లావా వల్ల జీవులు అప్పటికే బలహీనపడ్డాయా, తాకిడి తర్వాత కోలుకోవడం ఆలస్యమైందా అన్న చర్చ సబబే. తాకిడి అవసరమే లేదన్న వాదనకు మాత్రం నేను చూసిన శిలల్లో ఆధారం దొరకలేదు.

చివరిగా, రాయి ఎక్కడుందన్న మీ మాట. అమెరికాలోని ఆరిజోనాలో 1.2 కిలోమీటర్ల వెడల్పు బిలం కింద ఇనుప ముద్ద పాతుకుపోయి ఉంటుందని నమ్మి డేనియల్ బారింజర్ అనే గని యజమాని ఇరవై ఏడేళ్లు తవ్వించాడు. ఏమీ దొరకలేదు, ఎందుకంటే సుమారు 50 మీటర్ల ఆ ఇనుప ఉల్కలో అధిక భాగం దెబ్బతో పాటే కరిగి, ఆవిరై చెదిరిపోయింది. చిక్షులూబ్ రాయి అంతకు రెండు వందల రెట్లు వెడల్పు, దానిలో దాదాపు అంతా ఆవిరై భూమి చుట్టూ తిరిగి, ఆ వేలి మందపు బంకమట్టిలో కలిసి పరుచుకుంది. ఆ మట్టిలోని రుథేనియం అనే లోహపు ఐసోటోపులను (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువులను) కొలిచి, వచ్చినది బృహస్పతికి అవతల పుట్టిన కర్బన రకపు గ్రహశకలమని 2024లో తేల్చారు. ఉత్తర పసిఫిక్ సముద్రగర్భం నుంచి తీసిన ఒక నమూనాలో, సరిగ్గా ఆ సరిహద్దు పొరలోనే, పూర్తిగా ఆవిరైపోకుండా మిగిలిన ఉల్కాశకలం ఒకటి దొరికిందని 1998లో ఫ్రాంక్ కైట్ ప్రకటించారు. దాని పొడవు రెండున్నర మిల్లీమీటర్లు.